పని అయ్యాక వచ్చే కవరు

లంచానికీ మర్యాదకీ మధ్య గీత ఎక్కడుందని మనవాళ్ళలో ఎవరిని అడిగినా దాదాపు ఒకటే సమాధానం వస్తుంది. ముందే అడిగి, బేరమాడి, డబ్బు చేతిలో పడ్డాక ఫైలు కదిలిస్తే లంచం. పని పూర్తయ్యాక, ఎవరూ అడక్కుండా, మనంతట మనం ఇస్తే మర్యాద. జీవితంలో ఒక్క రూపాయి లంచం ఇచ్చి ఎరగనని గుండె మీద చెయ్యేసుకుని చెప్పే పెద్దమనుషులు కూడా ఈ రెండోదాన్ని లెక్కలో వేసుకోరు. "ఆయనేం అడగలేదండీ పాపం, నేనే జేబులో పెట్టాను" అంటారు. ఇచ్చింది పదివేలైనా సరే, చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా ఉంటుంది.

నాకు ఈ గీత మీద నమ్మకం లేదు. పని తర్వాత అందే బహుమతి ముందు పుచ్చుకునే లంచం కన్నా పట్టుకోవడానికి కష్టమైనది, అందుకే చట్టం కన్ను దాని మీద ఇంకా ఎక్కువ ఉండాలి అని నా వాదన. 2024లో అమెరికా సుప్రీంకోర్టు సరిగ్గా దీనికి ఎదురు దిక్కున నడిచింది. ముందు ఆ కథ చెప్తాను.

ఇండియానా రాష్ట్రంలో పోర్టేజ్ అని ఒక చిన్న పట్టణం. జేమ్స్ స్నైడర్ దానికి మేయర్. 2013లో పట్టణానికి చెత్త లారీలు కావలసి వచ్చాయి. గ్రేట్ లేక్స్ పీటర్‌బిల్ట్ అనే ట్రక్కుల కంపెనీకి రెండు కాంట్రాక్టులు దక్కాయి. మొత్తం 5 లారీలు, సుమారు 11 లక్షల డాలర్లు. మరుసటి ఏడాది అదే కంపెనీ నుంచి మేయర్‌గారికి 13,000 డాలర్ల చెక్కు వచ్చింది. అది సలహాలు ఇచ్చినందుకు తీసుకున్న ఫీజు అని ఆయన వాదించాడు. జ్యూరీ నమ్మలేదు, జైలు శిక్ష పడింది. కేసు పైకి పోయి పోయి సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడ 2024 జూన్ 26న 6-3 తేడాతో స్నైడర్ గెలిచాడు.

ఎలా గెలిచాడన్నదే మనకు కావలసింది. కేంద్ర ప్రభుత్వ నిధులు పుచ్చుకునే రాష్ట్ర, స్థానిక సంస్థల అధికారుల మీద అమెరికాలో ఒక చట్టం ఉంది. ప్రభావితం కావడానికైనా, ప్రతిఫలంగానైనా దురుద్దేశంతో సొమ్ము తీసుకుంటే 10 ఏళ్ళ దాకా జైలు అని దాని సారాంశం. జస్టిస్ కవనా రాసిన తీర్పు ప్రకారం ఆ చట్టం వర్తించేది లంచానికి మాత్రమే. అంటే, పనికి ముందే ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం ఉండాలి. ఒప్పందం ముందు కుదిరితే డబ్బు తర్వాత చేతులు మారినా లంచమే. ముందు ఏ మాటా లేకుండా, పని అయిపోయాక కృతజ్ఞతగా ఇచ్చింది మాత్రం ఈ చట్టం కిందికి రాదు. దాని సంగతి ఆ రాష్ట్రాలూ ఊళ్ళూ సొంతంగా చూసుకోవాలి. న్యాయంగా చెప్పాలంటే, స్నైడర్ చేసింది మంచి పని అని కోర్టు ఎక్కడా అనలేదు. కేంద్ర స్థాయి అధికారులు ఇలాంటి బహుమతులు తీసుకుంటే 2 ఏళ్ళ దాకా శిక్ష వేసే వేరే చట్టం ఇప్పటికీ ఉంది. పిల్లలకు చదువు చెప్పిన టీచరుకు గిఫ్ట్ కార్డు ఇచ్చినా, కౌన్సిలరుకు భోజనం పెట్టినా 10 ఏళ్ళ కేసు పెట్టేస్తారా, హద్దు ఎక్కడుందో జనానికి ఎలా తెలుస్తుంది అన్నది తీర్పు వెనక ఉన్న దిగులు. ఆ దిగులు నాకూ అర్థమవుతుంది. కానీ ముందున్నవి భోజనమూ గిఫ్ట్ కార్డూ కావు. 11 లక్షల డాలర్ల కాంట్రాక్టు, 13,000 డాలర్ల చెక్కు. జస్టిస్ జాక్సన్ భిన్నాభిప్రాయంలో కోపం అంత సూటిగా ఉండడానికి కారణం అదేననుకుంటాను. చట్టంలో ప్రతిఫలం అన్న మాట కళ్ళెదురుగా ఉండగా లేనట్టు చదివారని ఆమె బాధ.

ఈ చర్చ మనకు కొత్తదేం కాదు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ దీన్ని అప్పుడే తేల్చేసింది. ఆ కోడ్‌లో 161వ సెక్షన్, ప్రభుత్వోద్యోగి తన జీతం కాకుండా ఇంకేదైనా సొమ్మును అధికారికమైన పని చేయడానికి ప్రేరణగా గానీ, చేసినందుకు ప్రతిఫలంగా గానీ తీసుకుంటే నేరం అన్నది. ముందూ తర్వాతా రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. దాని కింద ఇచ్చిన ఉదాహరణలు చదవడం నాకు ఇష్టం. చట్టం పుస్తకంలో అంత లోకజ్ఞానం అరుదుగా దొరుకుతుంది. ఒక మున్సిఫు, అంటే కింది కోర్టు జడ్జి, ఒక బ్యాంకరుకు అనుకూలంగా తీర్పిచ్చాడు. అందుకు ప్రతిఫలంగా ఆ బ్యాంకులో తన తమ్ముడికి ఉద్యోగం వేయించుకున్నాడు. మున్సిఫు చేతికి పైసా రాలేదు, తీర్పుకు ముందు మాట అనుకున్నట్టు కూడా లేదు. అయినా నేరమే.

165వ సెక్షన్ ఇంకా ముదురు. ఒక కలెక్టరు ముందు ఒకాయన భూమిశిస్తు సెటిల్‌మెంటు కేసు పెండింగులో ఉంది. కలెక్టరు ఆయన ఇంట్లోనే అద్దెకు దిగాడు. నెలకు 50 రూపాయలు అద్దె. నిజాయితీగా బేరం చేస్తే ఆ ఇల్లు 200 రూపాయలు పలుకుతుంది. ఇక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. అద్దె రసీదు కూడా ఉంటుంది. ఆ 150 రూపాయల తేడాలోనే నేరం ఉందని 1860లో రాసినవాళ్ళు చూశారు. మరో ఉదాహరణలో ఒక మేజిస్ట్రేటు తన దగ్గరున్న బ్యాంకు షేర్లను, తన ముందుకు నిందితుడిగా వచ్చిన వాడి అన్నకు మార్కెట్టు ధర కన్నా ఎక్కువకు అమ్ముతాడు. ఈ రోజు పేపర్లో వచ్చే బినామీ ఫ్లాట్ల కథలకు ఇవి తాతలు.

161 కింద ఇంకో ఉదాహరణ ఉంది. బ్రిటిష్‌వాళ్ళ చెప్పుచేతల్లో ఉన్న ఒక సంస్థానంలో రెసిడెంటుగా, అంటే వాళ్ళ ప్రతినిధిగా, ఉన్న దొరకు ఆ సంస్థానపు మంత్రి లక్ష రూపాయలు ఇస్తాడు. ఫలానా పని కోసమని ఎక్కడా తేలదు. అయినా, మొత్తమ్మీద ఆ సంస్థానం పట్ల దయగా ఉండడానికే తీసుకున్నాడని కనిపిస్తే చాలు, నేరం. చదువుతుంటే కోఠీలో ఆ పెద్ద స్తంభాల రెసిడెన్సీ భవనం కళ్ళ ముందు మెదలకుండా ఉండదు.

అంత పకడ్బందీగా రాయడానికి కారణం, రాసినవాళ్ళ వెనక ఒక వంద సంవత్సరాల అనుభవం ఉంది. ప్లాసీ యుద్ధం అయ్యాక బెంగాల్ నవాబు మీర్ జాఫర్ దగ్గర ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్ పుచ్చుకున్న కానుక 2,34,000 పౌండ్లు. పని అయ్యాక, నవాబు సంతోషంగా ఇచ్చింది! 1765లో తిరిగి వచ్చి అదే క్లైవ్, కంపెనీ నౌకర్లు ఎవరూ కానుకలు పుచ్చుకోకూడదని వాళ్ళ చేత ఒప్పందాల మీద సంతకాలు పెట్టించాడు. 1773 రెగ్యులేటింగ్ చట్టం గవర్నర్ జనరల్‌కూ, కౌన్సిల్ సభ్యులకూ, జడ్జీలకూ కానుకలు నిషిద్ధం చేసింది. మన వైపు కథ కూడా ఇందులో ఉంది. 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చిన థామస్ రంబోల్డ్, ఉత్తర సర్కారుల్లో ఊరూరా తిరిగి విచారించాల్సిన కమిటీని ఆపించి, జమీందార్లనే మద్రాసుకు రప్పించుకున్నాడు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి అంత దూరం పోయినవాళ్ళు ఉత్తచేతులతో పోరు కదా. గవర్నరు చుట్టూ చేరిన సొమ్ము గురించి ఆరోపణలు లండన్ దాకా వెళ్ళాయి, కంపెనీ డైరెక్టర్లు అతన్ని తొలగించారు, పార్లమెంటులో శిక్షా బిల్లు కూడా పెట్టారు. చివరికి ఆ బిల్లు ఎటూ తేలకుండానే మూలపడింది. ఇలాంటి కేసులు మూలపడడం కూడా అప్పటి నుంచీ ఉన్న సంప్రదాయమే.

ఇక నా కళ్ళతో చూసింది ఒకటి చెప్తాను. మాకు బాబాయి వరస అయ్యే ఒకాయన ఒక ఇంజనీరింగు శాఖలో పనిచేసేవాడు. మనిషి మంచివాడు, పర్సెంటేజీల జోలికి పోడని పేరు. ఆయన కూతురి పెళ్ళిలో నన్ను చదివింపుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పొడుగాటి నోటుబుక్కు, పక్కన రబ్బరు బ్యాండ్లు, కవర్లు చించి లెక్కపెట్టడానికి ఇంకో కుర్రాడు, మైకు పట్టుకుని పేర్లు చదివే పెద్దాయన ఒకాయన. బంధువులవి 516, 1,116 అలా నడుస్తున్నాయి. మధ్యాహ్నం భోజనాల వేళకు తెల్ల చొక్కాల వాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు. అందులో ఒకాయన కవరు నా చేతిలో పెట్టి, మైకు వైపు చూసి, గొంతు తగ్గించి, "పేరు చదివించొద్దు బాబూ, పుస్తకంలో రాసుకో చాలు" అన్నాడు. కవర్లో 50,116 రూపాయలు ఉన్నాయి. "సార్ మాకు చాలా చేశారు, బిల్లు కూడా మొన్ననే అయింది" అని తనే చెప్పాడు, నేను అడగలేదు.

ఆ ఒక్క వాక్యంలో మొత్తం వ్యవహారం ఉంది. ఊరికి వినపడకూడదు, పుస్తకంలో మాత్రం ఉండాలి. కృతజ్ఞత ఒక్కటే అయితే మైకులో చదివిస్తే తప్పేముంది? పుస్తకంలో ఎందుకంటే, పెళ్ళయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ పుస్తకం చదువుతారు, ఎవరు ఎంత రాశారో గుర్తుంచుకుంటారు, రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి దానికి తగ్గట్టు తిరిగి చదివిస్తారు. మన చదివింపులు మొదటి నుంచీ తిరిగి ఇచ్చే బాకీయే. బంధువు చదివించిన బాకీని బాబాయి వాళ్ళింటి పెళ్ళిలో తీర్చుకుంటాడు. కాంట్రాక్టరు బాకీని ఎక్కడ తీర్చాలి? బాబాయికి తెలిసిన చోటు ఒక్కటే, ఆఫీసు. ఆయన దగ్గరున్నది కూడా ఒక్కటే, ఎం.బుక్కులో, అంటే పని కొలిచి బిల్లుకు రాసే పుస్తకంలో, కొలతలు.

అందుకే, పని తర్వాత ఇచ్చింది కాబట్టి పని మీద దాని ప్రభావం లేదన్న వాదన నాకు ఎక్కదు. స్నైడర్ తరఫున అన్నదీ, మనవాళ్ళు అనేదీ అదే. అయిపోయిన పనిని ఎలా కొంటారండీ అని. అధికారి ఒక్క ఫైలు చూసి ఇంటికి పోయేవాడైతే ఆ మాటలో నిజం ఉండేది. ఆయన ఆ సీట్లో మూడేళ్ళు ఉంటాడు, కాంట్రాక్టరు ప్రతి టెండరుకూ వస్తాడు. నిన్నటి బిల్లుకు ఇచ్చింది రేపటి బిల్లుకు అడ్వాన్సే. కిరాణా కొట్టు ఖాతాలా, ఏ రోజు సరుకు ఏ రోజు డబ్బుకు సరిపోయిందో విడదీసి చెప్పలేం, ఖాతా నడుస్తుంటుంది అంతే. ముందస్తు ఒప్పందం ఉందని రుజువు చేయండి అంటే, నోరు తెరిచి ఒప్పందం చేసుకునేంత తెలివితక్కువ వాళ్ళు మాత్రమే దొరుకుతారు. ఒకసారి లెక్క తెలిశాక మాటతో అవసరం ఏముంది?

ఇందులో మూడో మనిషి ఒకడున్నాడు, మనం వాడి గురించి అసలు మాట్లాడం. నేను సంతోషంగా రెండువేలు ఇచ్చి వచ్చేస్తాను. నా తర్వాత క్యూలో ఉన్నవాడు అదే పనికి వస్తాడు. సంతోషంగా ఇచ్చే స్తోమత వాడికి లేదు. గుమాస్తా వాణ్ణి నోరు తెరిచి ఏమీ అడగడు, కానీ ఆ బల్ల దగ్గర రెండువేలు ఆనవాయితీ అని ఇద్దరికీ తెలుసు. డాక్యుమెంటు రైటరు బయటే చెప్పేస్తాడు, "సార్ అడగరు, కానీ అందరూ ఇస్తారు" అని. ఇలా నలుగురు సంతోషపడితే ఐదోవాడికి అది రేటు అవుతుంది. మామూళ్ళు పుట్టింది ఇలాగే. ఎవరో జీవో ఇచ్చి మొదలుపెట్టలేదు.

మన చట్టం ఇప్పుడు ఎక్కడుందో చూద్దాం. పీనల్ కోడ్‌లోని ఆ పాత సెక్షన్లను 1988 అవినీతి నిరోధక చట్టం తనలో కలుపుకుంది. 2018లో దానికి పెద్ద సవరణ వచ్చి, ఆ జూలై 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడున్న 7వ సెక్షన్ ప్రకారం 3 ఏళ్ళ నుంచి 7 ఏళ్ళ దాకా శిక్ష. కానీ ప్రతిఫలం గురించిన భాగంలో ఒక కొత్త షరతు చేరింది. పాత చట్టంలో అధికారికమైన ఏ పనికి ప్రతిఫలం తీసుకున్నా నేరం. కొత్త దాంట్లో విధిని సరిగ్గా చేయకుండా, లేదా నిజాయితీ లేకుండా చేసినందుకు ప్రతిఫలం అని ఉంది. మరి పని సక్రమంగానే చేసి, తర్వాత కవరు పుచ్చుకుంటే? అక్కడ కింద ఇచ్చిన వివరణ ఆదుకుంటుంది. పనిలో తప్పేమీ లేకపోయినా అనుచిత ప్రయోజనం పొందడమే నేరం అని అందులో ఉంది. రేషన్ కార్డు దరఖాస్తును సకాలంలో చూడడానికి 5,000 రూపాయలు అడిగిన ఉద్యోగి ఉదాహరణ కూడా ఇచ్చారు. బాగానే ఉంది. కానీ ఆ ఉదాహరణ పనికి ముందు అడిగినవాడిది. పని తర్వాత అడక్కుండా అందుకున్నవాడి ఉదాహరణ ఒకటి, ఆ మున్సిఫు తమ్ముడి లాంటిది, అక్కడ ఉంటే ఎంత బాగుండేదో! పైన షరతు, కింద వివరణ, మధ్యలో లాయర్లకు పుష్కలంగా చోటు.

అయితే 11వ సెక్షన్ ఇంకా బతికే ఉంది. అది పాత 165 వారసురాలు. తన ముందు వ్యవహారం ఉన్నవాడి దగ్గర, గతంలో ఉండినవాడి దగ్గర, రేపు ఉండబోయేవాడి దగ్గర కూడా ఉచితంగా గానీ, ధర తక్కువని తెలిసి గానీ ఏదైనా పుచ్చుకుంటే 6 నెలల నుంచి 5 ఏళ్ళు. ముందస్తు మాట ఉందా లేదా అన్న ప్రశ్నే అక్కర్లేదు. పేరు చదివించొద్దన్న ఆ తెల్ల చొక్కాయన కవరుకు అచ్చంగా కుట్టిన సెక్షన్ ఇది. కానీ పేపర్లో ఏసీబీ వార్తలు చదివేవాళ్ళు ఎవరినైనా అడగండి, ఈ సెక్షన్ పేరు ఎన్నిసార్లు విన్నారో.

ఎందుకు వినపడదంటే మన వ్యవస్థ అంతా ట్రాప్ మీద నడుస్తోంది. అది ఎలా జరుగుతుందో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. లంచం అడిగితే కడుపు మండినవాడు ఏసీబీకి వెళ్తాడు. తెలంగాణలో ఆ ఫోన్ నంబరు 1064. వాడి నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు, నంబర్లు రాసుకుంటారు, ఇద్దరు మధ్యవర్తులను వెంట పంపుతారు. అధికారి నోట్లు ముట్టుకున్నాక చేతివేళ్ళు సోడియం కార్బొనేట్ నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగులోకి తిరుగుతాయి. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఫోటో. ఈ మొత్తం యంత్రం కదలాలంటే ఒకే ఒక ఇంధనం కావాలి, ఇచ్చేవాడి కోపం. పని అయ్యాక ఇచ్చేవాడికి కోపం లేదు. వాడు సంతోషంగా ఉన్నాడు. వాడు ఫోన్ చేయడు. కాబట్టి నీళ్ళు రంగు మారవు.

కోపం ఉన్న కేసుల్లోనే రుజువులు ఎంత జారిపోతాయో చెప్పడానికి రెండు తీర్పులున్నాయి, రెండూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన కేసులే. 2014లో బి.జయరాజ్ కేసు. ఒక రేషన్ డీలరు దగ్గర 250 రూపాయలు అడిగాడని ఆరోపణ, విచారణలో ఆ డీలరు ఎదురు తిరిగాడు. 2015లో పి.సత్యనారాయణ మూర్తి కేసు. ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ గుర్తింపు కోసం 500 రూపాయలు తీసుకున్నాడని ఆరోపణ, ఫిర్యాదుదారు సాక్ష్యం చెప్పకముందే చనిపోయాడు. రెండింటిలోనూ సుప్రీంకోర్టు శిక్ష రద్దు చేసింది. అడిగినట్టు రుజువు కాకపోతే, నోట్లు దొరికినంత మాత్రాన సరిపోదని చెప్పింది. ఇదే ప్రశ్న తర్వాత రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్ళింది. 2022 డిసెంబర్ 15న నీరజ్ దత్తా కేసులో ఐదుగురు జడ్జీలు, ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురు తిరిగినా, ఇతర సాక్ష్యాల నుంచి కూడా అడిగిన సంగతి తేల్చవచ్చని అన్నారు. ఆ ధర్మాసనానికి నాయకత్వం వహించిన జస్టిస్ అబ్దుల్ నజీరే ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు.

ఆ తీర్పులో నా వాదనకు పనికొచ్చే ముక్క వేరే ఉంది. అధికారి అడిగి రాబట్టుకోవడం వేరు, ఇచ్చేవాడే ముందుకొచ్చి ఇస్తే స్వీకరించడం వేరు అని విడదీసి, రెండోదానికి అధికారి ముందుగా అడిగి ఉండాల్సిన పని లేదని స్పష్టంగా చెప్పారు. ఇచ్చేవాడే ముందుకొచ్చాడు, ఆయన తీసుకున్నాడు, అంతే, నేరం. "ఆయనేం అడగలేదండీ పాపం" అన్న మాటకు మన దేశపు జవాబు అది. పోర్టేజ్ మేయర్ మన దగ్గర ఉంటే, కనీసం చట్టం ముందు, ఇంత తేలిగ్గా బయటపడేవాడు కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది చిన్నదేం కాదు. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు అయ్యాక ఆయా బిడ్డను తెచ్చి చూపించి, "మగపిల్లాడమ్మా, ఏదో మీ సంతోషం" అంటుంది. పండక్కి పోస్టుమాన్ వస్తాడు. పల్లెటూరి డాక్టరు దగ్గరికి రైతు రెండు సొరకాయలు తెస్తాడు. వీళ్ళందరినీ జైల్లో వేద్దామా? వద్దు. కానీ అన్నీ ఒకటే అని కూడా నేను అనను. సొరకాయలు సొరకాయలే. ఆయా విషయం అలా కాదు. పచ్చి బాలింత ముందు బిడ్డను ఎత్తుకుని నిలబడి అడిగేదాన్ని సంతోషం అనడం కుదరదు, ఆడపిల్ల పుడితే రేటు తగ్గుతుందని తెలిసినప్పుడు అసలే కుదరదు. ఆమెను కాంట్రాక్టు మీద పెట్టుకుని, బతకడానికి చాలని జీతం ఇచ్చి, అదీ నెలల తరబడి ఆపేసే ఏజెన్సీ మీదే ముందు నా కోపం. అయినా ఆ డబ్బు కట్టేది కూలి చేసుకుని బతికే ఇంకో ఆడమనిషి అన్నది మర్చిపోలేను.

చిన్నవాటికి జైలు అక్కర్లేదని చట్టాలకూ తెలుసు. అమెరికాలోనే 1999లో సన్‌డైమండ్ కేసులో, వ్యవసాయ మంత్రి మైక్ ఎస్పీకి ఒక రైతు సహకార సంస్థ టెన్నిస్ టికెట్లు, సూట్‌కేసులు, విందులు సమర్పించిన విషయంలో, ఫలానా పనికి ముడిపడకపోతే నేరం కాదని కోర్టు అన్నది. గెలిచిన క్రీడాజట్టు అమెరికా అధ్యక్షుడికి ఇచ్చే జెర్సీ కూడా నేరం అయిపోతుంది కదా అని వాళ్ళ ఆందోళన. మన దగ్గర ఈ పని ప్రవర్తనా నియమావళి చేస్తుంది. 1964 నాటి కేంద్ర ఉద్యోగుల నియమాల్లో 13వది బహుమతుల గురించే. దారిన పోతూ బండిలో ఎక్కించుకోవడం, ఒక పూట భోజనం లాంటివి బహుమతులు కావు. పెళ్ళిళ్ళలో దగ్గరి బంధువుల నుంచి, ఆఫీసు పని ముడిపడని స్నేహితుల నుంచి తీసుకోవచ్చు, మొత్తం ఎక్కువైతే ప్రభుత్వానికి చెప్పాలి. ఇతర సందర్భాల్లో గ్రూప్-ఎ, బి అధికారులైతే 5,000, గ్రూప్-సి అయితే 2,000 రూపాయలు దాటితే అనుమతి లేకుండా పుచ్చుకోకూడదు. విదేశీ బహుమతులను జమ చేయడానికి ప్రభుత్వ తోషాఖానా ఉండనే ఉంది. ఇంత స్పష్టంగా రాసి పెట్టుకుని, దీపావళికి ముందు రోజు ఏ ఆఫీసర్స్ కాలనీ గేటు దగ్గరైనా నిలబడి చూడండి. డ్రైఫ్రూట్ల డబ్బాలు కార్లలోంచి దిగుతుంటాయి. పైన అభినందనల కార్డు, కార్డు మీద కంపెనీ పేరు కూడా ఉంటుంది. సిగ్గు పడాల్సిన పని అని ఎవరికీ అనిపించడం లేదు మరి.

అసలు పెద్ద బహుమతులు డబ్బాల్లో రావు, రిటైర్మెంటు తర్వాత వస్తాయి. సర్వీసులో ఉండగా ఏ రంగాన్ని చూశాడో ఆ రంగంలోనే కంపెనీ సలహాదారు, డైరెక్టరు. ఐఏఎస్ లాంటి సర్వీసుల్లో రిటైరైన వెంటనే అనుమతి లేకుండా ప్రైవేటు ఉద్యోగంలో చేరకూడదన్న గడువు ఒకప్పుడు 2 ఏళ్ళు ఉండేది, దాన్ని 1 ఏడాదికి కుదించారు. ముప్పై ఐదేళ్ళు చేసినవాడు ఒక్క ఏడాది ఆగలేడా? అందరూ అలా చేశారని నేను అనడం లేదు. కొంతమంది నిజంగా నైపుణ్యం ఉన్నవాళ్ళే. కానీ సీట్లో ఉన్న ఆఖరి రెండేళ్ళు సంతకం పెట్టేటప్పుడు ఆ ఆలోచన మనసులో తిరుగుతుందా లేదా అన్నది ప్రశ్న. 1860లో మున్సిఫు తమ్ముడికి దొరికిన ఉద్యోగం ఇప్పుడు మున్సిఫుకే దొరుకుతోంది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. 7వ సెక్షన్‌లో ఆ షరతు తీసేసి పాత పద్ధతికి పోవాలి, సక్రమంగా చేసిన పనికైనా సరే ప్రతిఫలం నేరమని సూటిగా రాయాలి. ఏసీబీ ట్రాప్‌ల లెక్కతో పాటు 11వ సెక్షన్ కింద పెట్టిన కేసుల లెక్క కూడా ఏటా చెప్పాలి. అధికారులు ప్రభుత్వానికి ప్రకటించే బహుమతుల వివరాలు అరల్లో కాకుండా వెబ్‌సైటులో ఉండాలి. పొలాల ఈసీలు ఇంట్లో కూర్చుని తీసుకుంటున్నాం, ఇదేం రాకెట్ సాంకేతికత కాదు. ఇచ్చేవాడి విషయంలో 8వ సెక్షన్ చదివితే, అక్రమంగా పని చేయించుకోవడానికి గానీ, చేసినందుకు గానీ ఇచ్చినవాడినే అది పట్టుకుంటుంది. సక్రమమైన పనికి అమాయకంగా ఇచ్చినవాడు సాక్ష్యం చెప్పడానికి అంత భయపడనక్కర్లేదు. ఆ సంగతి జనానికి చెప్పేవాళ్ళే లేరు.

మరి బాగా పనిచేసిన ఉద్యోగికి కృతజ్ఞత ఎలా చెప్పాలి అని మా బావ ఒకసారి నన్ను నిలదీశాడు. దానికి సమాధానం మా అక్క దగ్గర దొరికింది. వాళ్ళ పొలం హద్దుల గొడవ ఏళ్ళ తరబడి నలుగుతుంటే ఒక కుర్ర సర్వేయరు చెప్పిన తేదీకి వచ్చి, ఎండలో మధ్యాహ్నం దాకా కొలిచి, పక్క పొలం వాళ్ళకు కూడా ఓపిగ్గా చూపించి రాళ్ళు పాతించాడు. వెళ్ళబోతుంటే బావ చెయ్యి జేబులోకి పోయింది. అక్క కళ్ళతోనే ఆపి, ఆ అబ్బాయికి పెద్ద గ్లాసుడు మజ్జిగ ఇచ్చి పంపింది. తర్వాత సోమవారం ప్రజావాణిలో అందరూ ఫిర్యాదుల కాగితాలతో నిలబడితే, అక్క మాత్రం ఫలానా సర్వేయరు పని చక్కగా చేశాడని కలెక్టరుకు అర్జీ ఇచ్చింది. తీసుకున్న గుమాస్తాకు దాన్ని ఏ కేటగిరీలో ఎక్కించాలో తెలియక కాసేపు తల గోక్కున్నాడట. పది రోజులకు సర్వేయరు ఫోన్ చేశాడు. "మేడమ్, చాలా థాంక్స్. కానీ అందులో నా ఇంటిపేరు తప్పు పడింది. సర్వీసు రిజిస్టరులో పెట్టించుకుందామని… కాస్త మార్చి ఇంకోటి ఇస్తారా?" అక్క ఆ రాత్రే తిరగరాసింది. బావ సోమవారం వెళ్ళి ఇచ్చొచ్చి, ఈసారి రసీదు కూడా తెచ్చాడు.